256 ఎంబీ ర్యామ్ పెడితే 128 మాత్రమే చూపిస్తోందా? నా అనుభవం

పెంటియం 3, ఇంటెల్ 440బీఎక్స్ చిప్‌సెట్ (ర్యామ్‌ను నడిపే చిప్పుల జత) ఉన్న మదర్‌బోర్డుతో పాత పీసీ కడుతున్నాను. 256 ఎంబీ ఎస్‌డీర్యామ్ (ఆ కాలపు రకం ర్యామ్) పెట్టి ఆన్ చేస్తే తెరమీద మెమరీ లెక్క 131072 కిలోబైట్ల దగ్గరే ఆగిపోయేది, అంటే 128 ఎంబీ, సరిగ్గా సగం. రబ్బరుతో కాంటాక్టులు రుద్దాను, స్లాట్లు మార్చాను, బయోస్ అప్‌డేట్ చేశాను, ఏదీ పనిచేయలేదు.

చివరికి ర్యామ్‌ను బయటికి తీసి చిప్పులు లెక్కపెట్టాను. ఒకవైపే ఎనిమిది, వెనక నున్నగా ఖాళీ. అంటే ఒక్కో చిప్పు 32 ఎంబీ, బైటుకు ఎనిమిది బిట్ల లెక్కన 256 మెగాబిట్. 1998 నాటి 440బీఎక్స్ అంత పెద్ద చిప్పును పూర్తిగా అందుకోలేదు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్ల మార్కెట్ సీటీసీలో పాత సామాను పెట్టెలో వెతికి, రెండువైపులా ఎనిమిదేసి, మొత్తం పదహారు చిప్పులున్న 256 ఎంబీ ర్యామ్ ముక్క తెచ్చాను; దీంట్లో ఒక్కో చిప్పు 16 ఎంబీయే. ప్లగ్ పీకేసి, పాతది తీసి, మొదటి స్లాట్‌లో దీన్నొక్కదాన్నే రెండు క్లిప్పులూ పడేదాకా నొక్కాను. ఆన్ చేయగానే 262144 కిలోబైట్లు, అంటే పూర్తి 256 ఎంబీ! ఆ అంకె చూశాక ప్రాణం లేచొచ్చింది.

నేను చూసింది ఒక్క బోర్డే. 815 లాంటి తర్వాతి చిప్‌సెట్లకు ఈ లెక్క వర్తించదు. మీది 440బీఎక్స్ అయితే మాత్రం, కొనేముందు ర్యామ్‌ను తిప్పి వెనకవైపు కూడా చూడండి.