జీపీఎస్ ప్రతిఫలనాల్లో సముద్రపు మంచును గుర్తించడం ఎలా

ఇక్కడ చూడాల్సింది సిగ్నల్ ఎంత బలంగా తిరిగొచ్చిందని కాదు, ఎంత పరుచుకుని వచ్చిందని. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

జీపీఎస్ 1575.42 మెగాహెర్ట్జ్ సిగ్నల్ సముద్రాన్ని తాకి పైకి లేస్తుంది. కింది కక్ష్యలోని ఇంకో ఉపగ్రహం దాన్ని అందుకుని, ఆలస్యం (ఎంత లేటుగా వచ్చింది) ఒక వైపు, డాప్లర్ (కదలిక వల్ల పౌనఃపున్యం ఎంత జరిగింది) ఇంకో వైపు పెట్టి ఒక పటం గీస్తుంది. అదే డిలే-డాప్లర్ మ్యాప్, పొట్టిగా డీడీఎం. అలలున్న నీటి మీద పడ్డ సిగ్నల్ పదుల కిలోమీటర్ల మేర చెదిరి, పటంలో గుర్రపు నాడాలా సాగుతుంది. నున్నటి మంచు మీద పడితే ఒకే చుక్క. గాలి లేని రాత్రి చెరువులో చంద్రుడికీ, సముద్రం మీద వెన్నెల దారికీ ఉన్న తేడా అనుకోండి.

నిజానికి ఈ పౌనఃపున్యంలో ఉప్పునీళ్లు సగానికి పైగా శక్తిని తిప్పి కొడతాయి, మంచు పదో వంతు దరిదాపులోనే. అయినా చెదరదు కాబట్టి పటంలో శిఖరం, అంటే అన్నిటికన్నా ఎక్కువ విలువ, మంచుకే ఎత్తుగా కనిపించవచ్చు. అందుకే శిఖరం ఎత్తును నమ్మి తీర్పు చెప్పకండి.

డేటాకి 2014లో ఎగిరిన బ్రిటిష్ ఉపగ్రహం టెక్‌డెమోశాట్-1 మంచి మొదలు. ఇదే పని చేసే నాసా ఉపగ్రహాల గుంపు సైగ్నస్ జోలికి వెళ్లొద్దు. దాని కక్ష్య వాలు 35 డిగ్రీలే, ధ్రువాల వైపు వెళ్లనే వెళ్లదు. టెక్‌డెమోశాట్ సెకనుకో డీడీఎం ఇచ్చేది. అందులో ఆలస్యానికి 128 వరుసలు (ఒక్కోటి సుమారు పావు చిప్పు; చిప్పు అంటే జీపీఎస్ కోడులో ఒక ముక్క పట్టే సమయం), డాప్లర్‌కి 500 హెర్ట్జ్ చొప్పున 20 నిలువు గడులు.

ముందు జల్లెడ పట్టండి. 55 డిగ్రీల అక్షాంశం దాటినవి, పతన కోణం (నిట్టనిలువు నుంచి సిగ్నల్ ఎంత వాలి పడింది) 45 డిగ్రీల లోపువి, యాంటెన్నా గెయిన్ (ఆ దిక్కున యాంటెన్నా ఎంత బాగా అందుకుంటుంది) సున్నా డీబీకి పైనున్నవి ఉంచండి. తీరానికి 20 కిలోమీటర్ల లోపువి తీసేయండి. తర్వాత, ప్రతిఫలనం మొదలవకముందు వచ్చే వరుసల సగటును నాయిస్‌గా తీసుకుని పటం మొత్తంలోంచి తీసేసి, శిఖరంతో భాగించండి. ఏ వరుసలు ఖాళీగా ఉన్నాయో కనీసం 50 పటాలు కంటితో చూశాకే తేల్చుకోండి. నాయిస్‌లో సిగ్నల్ కొసలు కలిస్తే నీటి తోక (నాడాలా సాగిన భాగం) కత్తిరించినట్టయి, నీళ్లు కూడా మంచులా కనిపిస్తాయి.

ఇప్పుడు పోల్చి చూసుకోవడానికి ఒక అచ్చు. బొత్తిగా చెదరని సిగ్నల్ ఎలా ఉంటుందో మనకి ముందే తెలుసు: ఆలస్యంలో శిఖరానికి అటూ ఇటూ ఒక చిప్పు, అంటే 4 వరుసల త్రిభుజం వర్గం, డాప్లర్‌లో సింక్ (sin x / x) అనే ఫంక్షన్ వర్గం. సిగ్నల్‌ను ఒక్కోసారి 1 మిల్లీసెకను మేర కలుపుతారు కాబట్టి అది 1000 హెర్ట్జ్ దగ్గర, అంటే రెండో గడిలో, సున్నాకి దిగుతుంది. ఈ అచ్చును శిఖరం మీద ఆనించి, పటంతో కోరిలేషన్ (రెండూ ఎంత పోలి ఉన్నాయో చెప్పే అంకె) లెక్కించండి. విలువ 1కి దగ్గరైతే మంచు, తగ్గితే నీళ్లు.

ఈ లెక్కకి పటంలోంచి తీసుకునే కిటికీ మరీ చిన్నది పెడితే పని చెడుతుంది. అచ్చు ఉన్నంత మేరే, 9 వరుసలు 5 గడులు తీసుకుంటే నీటి తోక బయటే మిగిలిపోతుంది, రెండూ ఒకేలా వస్తాయి. శిఖరానికి ముందు 4 వరుసలు, తర్వాత ఓ 20, నిలువు గడులు మొత్తం తీసుకోండి. 128 వరుసలూ కలిపితే మాత్రం నాయిస్ మింగేస్తుంది.

మంచునీ నీళ్లనీ వేరుచేసే హద్దు విలువ ఎవరి పేపర్లోంచో ఎత్తి పెట్టుకోకండి. అదే రోజు ఓఎస్ఐ సాఫ్ (యూరప్ వాతావరణ ఉపగ్రహ సంస్థ సముద్ర, మంచు విభాగం) మంచు పటంతో పోల్చి, గడిలో మంచు కప్పిన భాగం 15 శాతం దాటితే మంచు అన్న వాడుక ప్రకారం గుర్తులు పెట్టి, రెండు గుంపులూ బాగా విడిపోయే చోట గీత గీయండి. మంచు అంచు దగ్గర తేడాలొస్తే వెంటనే కోడును తిట్టుకోవద్దు. ఆ పటంలో గడులు కిలోమీటర్ల వెడల్పు. నున్నటి మంచు మీద మీ చుక్క అడ్డంగా కిలోమీటరు లోపే, పొడవునా సెకనులో 6–7 కిలోమీటర్లు.

చివరికి మిగిలే తప్పులు రెండు రకాలు. గాలి పడిపోయిన నీళ్లు అద్దంలా మారి మంచుగా లెక్కకొస్తాయి. ఆ గంట గాలి వేగం రీఎనాలిసిస్ (పాత వాతావరణాన్ని కొలతలూ మోడలూ కలిపి తిరగ లెక్కగట్టిన డేటా) లోంచి తెచ్చి, సెకనుకు 2–3 మీటర్ల లోపుంటే ఆ పాయింటుకు అనుమానం గుర్తు పెట్టండి. రెండోది వేసవిలో మంచు మీద నిలిచే కరిగిన నీటి మడుగులు: తిప్పి కొట్టేది నీళ్లే, ఆకారం మాత్రం మంచుకి దగ్గరగా ఉంటుంది. కాబట్టి జూన్–ఆగస్టు ఆర్కిటిక్ డేటాకి హద్దు విడిగా కట్టుకోండి, చలికాలపుది దానికి పనికిరాదు.