సిమ్యులేషన్‌లో 2.45 గిగాహెర్ట్జ్, కొలిస్తే 2.50: ఫ్రాక్టల్ స్లాట్ ప్యాచ్ యాంటెన్నాలో తప్పు ఎక్కడ?

ప్రాజెక్ట్ రివ్యూకి రెండు రోజులుందనగా విశాఖలో ఇంజనీరింగ్ పిల్లలు పడే టెన్షన్ ఇదే. ప్యాచ్ అంటే షీటు మీద రాగి పొరతో చేసే చదునైన యాంటెన్నా. ఫ్రాక్టల్ స్లాట్ అంటే ఫ్రీక్వెన్సీ దించడానికి ఆ రాగిలో, ఒకే ఆకారం చిన్నదవుతూ పదేపదే వచ్చేలా వేసే సన్నని గాడి. కంగారుగా ఇంకో బోర్డు చేసే ముందు వీటిని చూసుకోండి.

సమస్య: డిప్ పక్కకి జరిగింది
డిప్ అంటే ఎస్11 (యాంటెన్నా నుంచి ఎంత పవర్ వెనక్కొస్తోందో చెప్పే కొలత) గ్రాఫ్ బాగా కిందికి దిగే చోటు. అది జరగడానికి చాలాసార్లు కారణం స్లాట్ కాదు, ఎఫ్ఆర్4 షీటు (బోర్డుకి వాడే గాజునార షీటు). సాఫ్ట్‌వేర్‌లో పర్మిటివిటీ (షీటు తరంగాన్ని ఎంత నెమ్మది చేస్తుందో చెప్పే అంకె) 4.4 అని వేస్తాం. చేతికొచ్చిన షీటు 4.2 ఉండొచ్చు, 4.7 కూడా ఉండొచ్చు. అదే షీటు మీద స్లాట్ లేని మామూలు ప్యాచ్ ఒకటి చేసి కొలవండి. 2.45 గిగాహెర్ట్జ్‌కి గీసింది 2.50 చూపిస్తే, 4.4ని 2.45/2.50 వర్గంతో గుణించండి. సుమారు 4.2 వస్తుంది. ఆ అంకెతో స్లాట్ డిజైన్ మళ్లీ చేయండి. ఈ ఒక్క పూట పని చాలా బోర్డులను కాపాడుతుంది.

ఎచింగ్‌నీ, అంటే అక్కర్లేని రాగిని కరిగించే పనినీ గమనించండి. ఫెర్రిక్ క్లోరైడ్‌లో ఎక్కువసేపు ఉంచితే అంచులు తినేస్తుంది. దాదాపు 29 మిల్లీమీటర్ల ప్యాచ్ పొడవులో 0.1 తగ్గినా ఫ్రీక్వెన్సీ 8 మెగాహెర్ట్జ్ దాకా పైకి పోతుంది.

సమస్య: మూడో ఇటరేషన్ వేసినా ఫ్రీక్వెన్సీ దిగలేదు
కాక్ గీత అంటే ప్రతి ముక్క మధ్య మూడో వంతులో ఒక మొన వేస్తూ పోయే ఫ్రాక్టల్. అలా వేసే ప్రతి విడతకి, అంటే ఒక్కో ఇటరేషన్‌కి, పొడవు 4/3 రెట్లు అవుతుంది. కానీ 20 మిల్లీమీటర్ల గీతలో ఒక్కో ముక్క మొదట 6.67, తర్వాత 2.22, మూడోసారి 0.74 మిల్లీమీటర్లకు చేరుతుంది. స్లాట్ వెడల్పు 0.5 ఉంటే ఆ మలుపులు ఒకదాన్నొకటి మింగేస్తాయి. భూతద్దంతో చూడండి: గీసిన కోణం బదులు గుండ్రంగా కరిగిన మూల కనిపిస్తుంది. ఇంట్లో ఎచింగ్ చేసేవాళ్లు రెండో ఇటరేషన్ దగ్గరే ఆగడం మంచిది. స్లాట్ కరెంటు దారికి అడ్డంగా ఉందో లేదో కూడా చూడండి. దారి వెంబడే సన్నగా పడుకున్న స్లాట్ పెద్దగా ఏమీ చేయదు.

సమస్య: ఎస్11 బాగుంది, రేంజ్ లేదు
పవర్ వెనక్కి రాలేదంటే గాలిలోకి వెళ్లిందని కాదు. ఎఫ్ఆర్4లో వేడిగా పోయి ఉండొచ్చు. 50 ఓమ్‌ల డమ్మీ లోడ్‌కి కూడా ఎస్11 అద్భుతంగా ఉంటుంది! గెయిన్ (కావాల్సిన దిశలో ఎంత బలంగా పంపుతోందో) కొలవండి, వీలైతే తక్కువ లాస్ షీటుకి మారండి.

సమస్య: కేబుల్ పట్టుకుంటే డిప్ మారుతోంది
గ్రౌండ్ (బోర్డు వెనక రాగి పొర) చిన్నదై కరెంటు కేబుల్ పైపొర మీదికి పాకుతోంది. గ్రౌండ్ పెంచండి, కొలిచే పరికరం కాలిబ్రేషన్ మళ్లీ చేయండి.

సమస్య: నిన్నటి రీడింగ్ ఇవాళ లేదు
బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఉప్పుగాలికి పూత లేని రాగి నల్లబడుతుంది, కనెక్టర్ తుప్పు పడుతుంది, షీటు పీల్చిన తేమ ఫ్రీక్వెన్సీని దించుతుంది. ఎచింగ్ తర్వాత బాగా కడిగి ఆరబెట్టండి, సిలికా జెల్ వేసిన జిప్ కవర్లో దాచండి. రాగి మీద వార్నిష్ వేస్తే మళ్లీ కొలవండి, డిప్ ఇంకాస్త కిందికి జారుతుంది.