డిబేట్‌లో నాయకుడు ప్రశ్న ఎక్కడ దాటేశాడో పట్టుకోవడం ఎలా

ఎన్నికల డిబేట్ చూసేటప్పుడు ఒక కాగితం, పెన్ను పక్కన పెట్టుకోండి. డిబేట్ నడిపే మోడరేటర్ ప్రశ్న అడగగానే, నాయకుడు నోరు తెరిచేలోపే, దాన్ని ఒక్క లైన్లో రాసేయండి. ఇంకేమీ చేయకపోయినా ఈ ఒక్క పనితోనే చాలామంది దొరికిపోతారు. ఎందుకంటే జవాబు చెప్పకుండా తప్పించుకోవడమంతా మనం ప్రశ్న మర్చిపోతామనే ధీమా మీదే నడుస్తుంది.

ఇది నా ఊహ కాదు. హార్వర్డ్‌కి చెందిన టాడ్ రోజర్స్, మైఖేల్ నార్టన్ దీని మీద చేసిన ప్రయోగాలు 2011లో ప్రచురితమయ్యాయి. ఆరోగ్య సేవల గురించి నాయకుడు చెప్పిన ఒకే జవాబుకి ముందు వేరువేరు ప్రశ్నలు తగిలించి జనానికి చూపించారు. మాదకద్రవ్యాల గురించి అడిగినా అదే జవాబు వచ్చింది, కానీ విషయం దగ్గరగానే ఉంది కాబట్టి ఎక్కువమంది తేడా పట్టలేదు, కొందరికైతే అడిగిన ప్రశ్నే సరిగ్గా గుర్తులేదు. ఉగ్రవాదం గురించి అడిగినప్పుడు మాత్రం జవాబుకి, ప్రశ్నకి సంబంధం లేదని తెలిసిపోయింది. ప్రశ్నని తెర మీద కనబడేలా ఉంచితే దాటవేతని గుర్తుపట్టడం బాగా పెరిగింది. మీ చేతిలో కాగితం చేసే పని కూడా అదే.

ప్రశ్న రాశాక, దానికి జవాబు ఏ రూపంలో రావాలో మీరే ముందు అనుకోండి. అవునా కాదా అని అడిగారా, ఎంత అని అడిగారా, ఎప్పుడు అనా, ఎవరు బాధ్యులు అనా? ఎంత అని అడిగినప్పుడు జవాబులో ఒక అంకె ఉండాలి. అంకె రాకుండా పేదల మీద ప్రేమ, రైతుల మీద గౌరవం వచ్చాయంటే, ఆ మాటలు ఎంత బాగున్నా సరే, మీరు రాసుకున్న ప్రశ్న పక్కన సున్నా వేయండి.

2024 సెప్టెంబర్ 10న అమెరికాలో కమలా హ్యారిస్, డొనాల్డ్ ట్రంప్ డిబేట్ తీసుకోండి. నాలుగేళ్ల కిందటి కంటే ఇప్పుడు జనం పరిస్థితి మెరుగ్గా ఉందా అని హ్యారిస్‌ని అడిగారు. ఆమె తాను మధ్యతరగతిలో పెరిగానని మొదలుపెట్టి తన ప్రణాళికల్లోకి వెళ్లిపోయారు. అదే రాత్రి ఈ యుద్ధంలో ఉక్రెయిన్ గెలవాలని మీరు కోరుకుంటున్నారా అని ట్రంప్‌ని అడిగితే, యుద్ధం ఆగాలని కోరుకుంటున్నా అన్నారు. ఇద్దరి పార్టీలూ వేరు, పద్ధతి మాత్రం ఒకటే: అడిగినదానికి పక్కనే ఉన్న, తమకి ఇబ్బంది లేని ప్రశ్నకి జవాబు చెప్పడం. అన్నింటికంటే నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే, ఎందుకంటే వింటున్నంతసేపూ జవాబు వస్తున్నట్టే అనిపిస్తుంది.

మిగతా పద్ధతులు పట్టుకోవడం ఇంత కష్టం కాదు. "అసలు ప్రజలు అడుగుతున్నది ఏంటంటే" అన్న మాట వినబడిందంటే దారి మళ్లుతోందని అర్థం. "మీ హయాంలో ఏం జరిగింది మరి" అని ఎదురుదాడికి దిగితే, ఆ ఆరోపణ నిజమే కావచ్చు, అయినా ఈయన సంగతి తేలలేదు. కమిటీ వేశాం, కోర్టులో ఉంది, ఊహాజనిత ప్రశ్నలకి స్పందించను, ఇవన్నీ ఒక కోవలోవే. భవిష్యత్తు వైపు పారిపోవడం ఇంకొకటి. 2024 అక్టోబర్ 1న ఉపాధ్యక్ష అభ్యర్థుల డిబేట్‌లో, 2020 ఎన్నికల్లో ట్రంప్ ఓడిపోయారా అని హ్యారిస్ తరఫు అభ్యర్థి టిమ్ వాల్జ్ సూటిగా అడిగితే, నా దృష్టి భవిష్యత్తు మీద ఉంది అన్నారు ట్రంప్ తరఫు అభ్యర్థి జె.డి. వాన్స్. అవును, కాదు తప్ప మూడో జవాబు లేని ప్రశ్న అది.

అలాగని జవాబు సూటిగా రాని ప్రతిసారీ మోసం అనేయకండి. ప్రశ్నలోనే అబద్ధం దాచి అడిగితే, ముందు దాన్ని సరిదిద్దే హక్కు నాయకుడికి ఉంది. ఒకే ప్రశ్నలో మూడు ప్రశ్నలు కుక్కి రెండు నిమిషాలు ఇస్తే ఒకటి జారిపోవచ్చు కూడా. తేడా ఎలా తెలుస్తుందంటే, నిజాయితీగా ప్రశ్నని కాదనే మనిషి ఎందుకు కాదంటున్నాడో చెప్పి, ఆ తర్వాత తన అభిప్రాయం చెప్తాడు. తప్పించుకునేవాడు ప్రశ్నని కాదని అక్కడితో వదిలేసి ఇంకో విషయానికి వెళ్లిపోతాడు.

మీరే ఏ సభలోనో ప్రశ్న అడిగే అవకాశం వస్తే, ఉపన్యాసం లేకుండా చిన్నగా అడగండి, ఒక్కటే అడగండి. జవాబు రాకపోతే కొత్త ప్రశ్నకి వెళ్లకుండా అదే ప్రశ్న అవే మాటల్లో మళ్లీ అడగండి. 1997లో బీబీసీలో జెరెమీ పాక్స్‌మన్, బ్రిటన్ మాజీ హోం మంత్రి మైఖేల్ హోవార్డ్‌ని ఒకే ప్రశ్న దాదాపు అవే మాటల్లో పదేపదే, డజను సార్ల దాకా అడిగారు. జైళ్ల శాఖ అధిపతి నిర్ణయాన్ని తోసిపుచ్చుతానని బెదిరించారా లేదా అన్నదే ప్రశ్న. అది డిబేట్ కాదు, ఇంటర్వ్యూ, జవాబూ రాలేదు, కానీ జవాబు చెప్పడం లేదన్న సంగతి చూసేవాళ్లందరికీ తెలిసిపోయింది. డిబేట్‌లో మోడరేటర్ కనీసం రెండోసారైనా అడగకపోతే, లోపం నాయకుడిది ఒక్కడిదే కాదు.

డిబేట్ అయ్యాక క్లిప్పులు తిరుగుతాయి, వాటిలో సాధారణంగా ప్రశ్న కోసేసి జవాబు మాత్రమే ఉంచుతారు. ఎవరైనా అలాంటిది పంపితే, ముందు ప్రశ్న ఉన్న పూర్తి వీడియో వెతికి చూడండి, దొరికితే క్లిప్ పంపినవాళ్లకి కూడా అదే పంపండి.