పాత ఆర్‌డీ 350కి ధర కట్టడం – పాఠం 3: లేని పార్టులు ముందు, ఇంజను తర్వాత

పోయిన పాఠంలో పేపర్లు చూశాం. ఆర్‌సీలో ఉన్న నంబర్లు, బండి మీద ఉన్న నంబర్లు ఒకటేనని తేలాకే ఈ పాఠానికి రండి. తేలకపోతే ఆ బండికి ధరే లేదు, అమ్మేవాడు ఎంత తగ్గించినా సరే.

ముందు ఒక మాట. మనం ఆర్‌డీ 350 అంటున్నది 1983 నుంచి ఎస్కార్ట్స్ వాళ్లు యమహా ఇంజినీరింగ్‌తో ఇక్కడ తయారు చేసిన రాజ్‌దూత్ 350 బైకు. రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, 347 సీసీ, ఆరు గేర్లు. మొదట వచ్చినవి 30.5 హార్స్‌పవర్, వాటిని హెచ్‌టీ (హై టార్క్) అంటారు. తర్వాత మైలేజీ కోసం 27కి తగ్గించినవి ఎల్‌టీ (లో టార్క్). తయారీ ఆగి ముప్పై ఏళ్లు దాటింది. కాబట్టి ధరంతా ఈ ఒక్క ప్రశ్న మీదే ఆధారపడి ఉంటుంది: పోయింది మళ్లీ దొరుకుతుందా, దొరకదా?

కొత్తవాళ్లు అందరూ ఇక్కడే బోల్తా కొడతారు, నేనూ కొట్టాను. ఇంజను మీద భయం, పెయింట్ మీద ప్రేమ. నిజానికి ఇంజను ఖర్చు లెక్కకి అందుతుంది. పిస్టన్లు, రాడ్ కిట్లు, సీళ్లు, గ్యాస్కెట్లు కొత్తవి వస్తున్నాయి, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) పని తెలిసిన మెకానిక్ ఎంత అవుతుందో ముందే చెప్పేస్తాడు. లెక్కకి అందనిది ఒరిజినల్ సైడ్ ప్యానెల్, ఎయిర్‌బాక్స్, మీటర్లు, ఆయిల్ పంపు, దాని మీది కవర్. హైదరాబాద్‌లో స్పేర్ పార్టుల షాపులుండే పుత్లీబౌలిలో ఒక శనివారం మొత్తం తిరిగి చూడండి, ఏ షాపులో అడిగినా “డూప్లికేట్ ఇస్తా, ఒరిజినల్ అడగకు భాయ్” అంటారు. అందుకే మన కాగితం మీద లేని పార్టులే మొదట రాస్తాం, ఇంజను తర్వాత.

బండి చుట్టూ ఒకసారి తిరగండి, కానీ మెరిసే వైపు చూడకండి. సీటు ఎత్తండి. ట్యాంకు కింద చూడండి. ఆటోల్యూబ్ పంపు, అంటే ఇంజనుకి తనంతట తానే ఆయిల్ అందించే ఆ ఆయిల్ పంపు, ఉందా? చాలా బండ్లలో అది పీకేసి, పెట్రోల్‌లో చేత్తో ఆయిల్ కలుపుకుంటున్నారు. “అదే సేఫ్ అన్నా” అంటాడు అమ్మేవాడు. సేఫ్ కావచ్చు, కానీ పంపు లేదు, కాబట్టి రాసుకోండి.

ఇప్పుడు ఇంజను. మీరు వస్తున్నారని ముందే స్టార్ట్ చేసి వేడి చేసి ఉంచితే, చాయ్ తాగొస్తానని చెప్పి వెళ్లండి, అది చల్లారాక తిరిగి రండి. చల్లటి ఇంజను మీద నీలం పొగ టూ స్ట్రోక్‌లో మామూలే, కంగారు పడొద్దు. పది నిమిషాలు నడిపి వేడెక్కాక వెనక మోకాళ్ల మీద కూర్చుని రెండు సైలెన్సర్ల చివర్లకి కాస్త దూరంగా రెండు అరచేతులు పెట్టండి. రెండు చేతులకీ ఒకే బలంతో గాలి తగలాలి. ఒక చేతికి దెబ్బలాగా, ఇంకో చేతికి ఊపిరిలాగా తగిలితే ఒక సిలిండర్ సగమే పని చేస్తోంది. వేడెక్కాక కూడా తెల్లటి దట్టమైన పొగ ఆగకుండా వస్తూ, గేర్‌బాక్స్ ఆయిల్ తగ్గుతుంటే కుడివైపు క్రాంక్ సీల్ పోయినట్టు, అది క్లచ్ వైపు ఆయిల్ పీలుస్తోంది. ఎడమ సీల్ ఇంకా ప్రమాదం: పొగ ఉండదు, గాలి పీల్చి పెట్రోల్-గాలి మిక్స్చర్ పలచబడుతుంది, యాక్సిలరేటర్ వదిలినా ఆర్‌పీఎం కిందికి దిగదు. నా మొదటి బండి అలాగే ఉండేది, నేను “హబ్బ, ఎంత చురుగ్గా ఉంది” అనుకున్నాను. రెండో వారంలో ఖైరతాబాద్ ఫ్లైఓవర్ మీద పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుని సీజ్ అయింది, వెనక ఆర్టీసీ బస్సు హారన్, నేను బండి తోస్తూ.

బోర్ (సిలిండర్ లోపలి వెడల్పు) ఎంతైందో కూడా అడగండి. స్టాండర్డ్ 64 మిల్లీమీటర్లు, అరిగిన సిలిండర్‌ని కోసి పెద్దది చేసి వేసే ఓవర్‌సైజు పిస్టన్లు పావు మిల్లీ చొప్పున ఒక మిల్లీ దాకా వెళ్తాయి. చివరి సైజులో ఉన్న బండికి ఈసారి స్లీవ్ పని (సిలిండర్ లోపల కొత్త గొట్టం వేయించడం) తప్పదు. బిల్లు చూపించలేకపోతే చివరి సైజే అనుకుని రాసుకోండి.

“ఇది హెచ్‌టీ, అందుకే రేటు” అనే మాటకి నేను విడిగా డబ్బు ఇవ్వను, ఇన్నేళ్లలో సిలిండర్లు, సైలెన్సర్లు ఎన్ని చేతులు మారాయో ఎవరికి తెలుసు. “వింటేజ్” అన్నా అంతే: 2021 రూల్ ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి 50 ఏళ్లు నిండాలి, మొదటి రాజ్‌దూత్‌కి అది 2033లో. అప్పటిదాకా 15 ఏళ్లు దాటిన మామూలు బండే, ఐదేళ్లకోసారి రెన్యూవల్.

ఇక లెక్క, అంకెలు ఉదాహరణకే. అన్నీ ఒరిజినల్‌గా, పేపర్లు సరిగ్గా ఉన్న బండి రూ.3,20,000కి చేతులు మారిందని విన్నారు అనుకుందాం. అడిగిన ధర కాదు, మారిన ధర, తేడా చాలా ఉంటుంది. ఈ బండికి అడుగుతున్నది రూ.2,80,000. పంపు లేదు, 15,000. మీటర్లు, ప్యానెళ్లు డూప్లికేట్, 25,000. క్రాంక్, సీళ్ల పని 35,000. పేర్లు మార్పించడం, రెన్యూవల్ అన్నీ కలిపి 10,000. మొత్తం 85,000 తీస్తే 2,35,000. పై ఖర్చుల్లో విప్పాక బయటపడేవి లేవు, వాటికి ఇంకో 25,000 పక్కన పెట్టండి. 2,10,000. మీ గరిష్ఠ ధర ఇది, మొదటి మాట కాదు.

పోయిన వారం రంగు కొట్టించిన బండి అయితే నేను ఇంకాస్త తగ్గిస్తాను. ఫ్రేమ్ మీద వెల్డింగ్ మచ్చ, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) దగ్గర పగులు, అన్నీ కొత్త రంగు కిందే దాగుతాయి కదా.

హోంవర్క్: ఈ ఆదివారం ఏదైనా ఒక బండి, కొనకపోయినా సరే, చూసి రెండు కాలమ్‌లు రాయండి, దొరికేవి ఒకటి, దొరకనివి ఒకటి. ఆ కాగితం దాచుకోండి, తర్వాతి పాఠంలో దాన్ని జేబులో పెట్టుకునే బేరానికి వెళ్తాం.