లిక్స్‌లో డాక్యుమెంట్ క్లాస్, టెంప్లేట్ మనకి కావాల్సినట్టు మార్చుకోవడం ఎలా?

లిక్స్ అంటే లేటెక్ (కమాండ్లతో రాసినదాన్ని పీడీఎఫ్‌గా పేర్చే సాఫ్ట్‌వేర్) మీద నడిచే డాక్యుమెంట్ ఎడిటర్. అందులో ఏదైనా నచ్చకపోతే చాలామంది చేసే పని, డాక్యుమెంట్ నిండా ఆ ఎర్ర అక్షరాల లేటెక్ కోడ్ పెట్టెలు పెట్టుకుంటూ పోవడం. పది పేజీలకైతే ఓకే, పుస్తకం సైజు ఫైల్‌లో అలా చేస్తే తర్వాత ఏది ఎక్కడ పెట్టామో మనకే తెలీదు. ఆ పెట్టెలు లేకుండానే పని అవుతుంది, పెద్ద కష్టం కూడా కాదు.

ముందు ఒక విషయం బుర్రలో పెట్టుకోండి. క్లాస్ ఫైల్ వేరు, లేఅవుట్ ఫైల్ వేరు. పీడీఎఫ్ ఎలా రావాలో చెప్పేది క్లాస్ ఫైల్, అంటే లేటెక్ వైపుది. లేఅవుట్ ఫైల్ లిక్స్‌ది, హెడ్డింగ్, కోట్ లాంటి ఒక్కో స్టైల్‌ని స్క్రీన్ మీద ఎలా చూపించాలి, లేటెక్‌కి ఏ కమాండ్ రాసి పంపాలి అని మాత్రమే చెప్తుంది. లేఅవుట్‌లో ఫాంట్ బోల్డ్ అని రాసేసి పీడీఎఫ్‌లో బోల్డ్ రాలేదేంటి అని తల పట్టుకునేవాళ్ళందరూ ఇక్కడే బోల్తా పడతారు.

చిన్నదానితో మొదలెడదాం. హెచ్చరికలు రాయడానికి లేత పసుపు పెట్టె ఒకటి కావాలనుకోండి. డాక్యుమెంట్ మెనూలో సెట్టింగ్స్ తెరిచి లోకల్ లేఅవుట్‌కి వెళ్ళండి, ఖాళీ పెట్టె కనిపిస్తుంది. అందులో ఒక్కో లైన్‌లో ఒక్కోటి రాయాలి (నేను తెలుగులో చెప్తున్నా కానీ టైప్ చేసేది ఇంగ్లీష్ అక్షరాల్లోనే):

స్టైల్ వార్నింగ్
కాపీస్టైల్ కోట్
లేటెక్‌నేమ్ వార్న్‌బాక్స్
ప్రియాంబుల్
ఎండ్‌ప్రియాంబుల్
ఎండ్

కాపీస్టైల్ అంటే ఆల్రెడీ ఉన్న కోట్ స్టైల్ లక్షణాలన్నీ తెచ్చుకోవడం, దాంతో మార్జిన్లు గట్రా మళ్ళీ రాసే పని తప్పుతుంది. లేటెక్‌నేమ్ పక్కన ఉన్నది లేటెక్‌కి వెళ్ళే పేరు. ప్రియాంబుల్ అంటే లేటెక్ ఫైల్‌లో అసలు మేటర్ కంటే ముందుండే సెట్టింగ్స్ భాగం. ప్రియాంబుల్, ఎండ్‌ప్రియాంబుల్ మధ్యలో అసలు లేటెక్ కోడ్ రెండు లైన్లు పడాలి: ఒకటి యూజ్‌ప్యాకేజ్‌తో టీకలర్‌బాక్స్ ప్యాకేజీని పిలవడం, రెండోది న్యూటీకలర్‌బాక్స్ కమాండ్, మొదటి మీసాల బ్రాకెట్‌లో వార్న్‌బాక్స్ అని, రెండో దాంట్లో కోల్‌బ్యాక్ అని రాసి ఈక్వల్స్ గుర్తు పెట్టి బ్యాక్‌గ్రౌండ్ రంగు. రెండు కమాండ్లకీ ముందు బ్యాక్‌స్లాష్ మర్చిపోవద్దు. రాశాక వ్యాలిడేట్ బటన్ నొక్కండి, లేఅవుట్ లైన్లలో తప్పుంటే అక్కడే తెలిసిపోతుంది. ఓకే కొట్టాక స్టైల్స్ లిస్ట్‌లో వార్నింగ్ అని కొత్తది వచ్చేస్తుంది. ఈ పద్ధతిలో బాగుండేది ఏంటంటే ఇదంతా ఆ ఫైల్ లోపలే ఉంటుంది, వేరేవాళ్ళకి పంపినా వాళ్ళ దగ్గర కూడా ఆ స్టైల్ కనిపిస్తుంది.

అదే స్టైల్ అన్ని డాక్యుమెంట్లకీ కావాలంటే మాడ్యూల్, అంటే ఏ డాక్యుమెంట్‌కైనా తగిలించుకోగలిగే విడి స్టైల్ ఫైల్, చేసుకోవాలి. హెల్ప్ మెనూలో అబౌట్ లిక్స్ తెరిస్తే యూజర్ డైరెక్టరీ ఎక్కడుందో చూపిస్తుంది, దాంట్లో లేఅవుట్స్ ఫోల్డర్‌లో మాడ్యూల్ ఎక్స్‌టెన్షన్‌తో ఫైల్ పెట్టండి. ఆ ఫైల్ మొదట్లో ఉండాల్సిన లైన్లు మీరే తయారుచేయక్కర్లేదు, లిక్స్‌తో వచ్చిన మాడ్యూల్ ఒకటి కాపీ చేసుకుని పేరు, వివరణ మార్చి, ఫార్మాట్ అనే లైన్‌ని అలాగే ఉంచి, దాని కింద మన స్టైల్ పెడితే చాలు. తర్వాత టూల్స్‌లో రీకాన్ఫిగర్ చేసి లిక్స్ మూసి మళ్ళీ తెరవాలి. ఇక సెట్టింగ్స్‌లో మాడ్యూల్స్ దగ్గర యాడ్ కొట్టడమే.

యూనివర్సిటీవాళ్ళో జర్నల్‌వాళ్ళో సొంత క్లాస్ ఫైల్ ఇచ్చినప్పుడు మాత్రమే లేఅవుట్ ఫైల్ దాకా వెళ్ళండి, ఊరికే వెళ్ళొద్దు. క్లాస్ ఫైల్‌ని ముందు లేటెక్‌కి కనిపించే చోట, అంటే మీ టెక్స్‌ఎమ్‌ఎఫ్ ఫోల్డర్ లోపల టెక్, దాంట్లో లేటెక్ అనే ఫోల్డర్‌లో పెట్టాలి. తర్వాత అదే పేరుతో లేఅవుట్ ఫైల్, ఇది మాత్రం యూజర్ డైరెక్టరీలోని లేఅవుట్స్ ఫోల్డర్‌లో. దాని పైన హ్యాష్‌తో మొదలయ్యే డిక్లేర్‌లేటెక్‌క్లాస్ లైన్ చూడ్డానికి ఉత్త కామెంట్‌లా ఉంటుంది, పనికిరాదులే అని తీసేశారో క్లాస్ లిస్ట్‌లోకే రాదు, ఎందుకంటే రీకాన్ఫిగర్ వెతికేది దాన్నే. కింద ఇన్‌పుట్ అని ఆర్టికల్ లేఅవుట్‌ని లాక్కొచ్చి (క్లాస్ బుక్ లాంటిదైతే బుక్‌ని), అక్కర్లేని స్టైల్స్‌ని నోస్టైల్‌తో తీసేయండి. మళ్ళీ రీకాన్ఫిగర్. క్లాస్ పేరు పక్కన అన్‌అవైలబుల్ అని వస్తే తప్పు లేఅవుట్‌లో లేదు, క్లాస్ ఫైల్ లేటెక్‌కి దొరకట్లేదని అర్థం.

టెంప్లేట్ అయితే ఇంకా సింపుల్. క్లాస్, మాడ్యూల్స్, మార్జిన్లు, భాష అన్నీ సెట్ చేసిన ఫైల్‌ని యూజర్ డైరెక్టరీలో టెంప్లేట్స్ ఫోల్డర్‌లో సేవ్ చేస్తే న్యూ ఫ్రమ్ టెంప్లేట్‌తో తెరుచుకోవచ్చు. ప్రతి కొత్త ఫైల్ అవే సెట్టింగ్స్‌తో మొదలవ్వాలంటే సెట్టింగ్స్ విండోలోనే సేవ్ యాజ్ డాక్యుమెంట్ డిఫాల్ట్స్ బటన్ ఉంది. కాకపోతే టెంప్లేట్ నుంచి వచ్చేది కాపీ మాత్రమే, తర్వాత టెంప్లేట్ మార్చినా పాత డాక్యుమెంట్లు మారవు. మాడ్యూల్ మారిస్తే మాత్రం దాన్ని వాడే అన్ని ఫైల్స్‌కీ తగులుతుంది, అందుకే రేపు మారే అవకాశం ఉన్నవన్నీ నేనైతే మాడ్యూల్‌లోనే పెడతా.

ఎక్కడైనా తేడా కొడితే వ్యూ మెనూలో కోడ్ ప్రివ్యూ తెరిచి, కర్సర్‌ని ఆ పేరాలో పెట్టి చూడండి. బిగిన్ వార్న్‌బాక్స్ అని అక్కడ కనిపిస్తుంటే లేఅవుట్ తన పని చేసినట్టే, ఇక వెతకాల్సింది ప్రియాంబుల్‌లో.