సి భాష నేర్చుకుందాం – 7వ పాఠం: లాంగ్‌కి ఎన్ని బైట్లు?

వేరియబుల్ అంటే మెమరీలో కొంత చోటని కిందటి పాఠంలో చూశాం. ఆ చోటు ఎంత?

ఇంట్ (పూర్ణాంకాన్ని దాచే రకం) అంటే రెండు బైట్లని మన కాలేజీ నోట్సుల్లో చాలాకాలం రాసుకున్నారు. అది టర్బో సి వరకు నిజం. 16 బిట్ల డాస్ కంపైలర్ కాబట్టి అందులో ఇంట్ 32767 దాటదు. ఫాక్టోరియల్ ప్రోగ్రామ్ 7కి 5040 అని సరిగ్గానే చెప్పి, 8కి 40320 బదులు -25216 చూపేది అందుకే. 40320లోంచి 65536 తీసేసి చూడండి, అదే వస్తుంది. ఇదే ప్రోగ్రామ్‌ని నేటి జీసీసీ కంపైలర్‌తో నడిపితే ఇంట్‌కి నాలుగు బైట్లు. 12 దాకా సరిగ్గా వచ్చి 13 దగ్గర చెడుతుంది.

పూర్ణాంక రకాలకు సి ప్రమాణం చెప్పేది కనీస కొలతే: షార్ట్, ఇంట్‌లకు 16 బిట్లు, లాంగ్‌కి 32, లాంగ్ లాంగ్‌కి 64. ఆపైన ఎంతన్నది కంపైలర్, ఆపరేటింగ్ సిస్టమ్ కలిసి తేల్చుకుంటాయి. అందుకే సైజులు బట్టీ పట్టొద్దు.

అసలు చిక్కు లాంగ్‌తోనే. 64 బిట్ల లైనక్స్, మ్యాక్‌లలో అది 8 బైట్లు. 64 బిట్ల విండోస్‌లో 4 బైట్లే. పాయింటర్ (మెమరీ చిరునామాని దాచే వేరియబుల్) మాత్రం రెండు చోట్లా 8. లైనక్స్‌లో పాయింటర్‌ని లాంగ్‌లో దాచిన కోడ్‌ని విండోస్‌కి తెస్తే పై 32 బిట్లు ఎగిరిపోతాయి. చిరునామా 2 జీబీ లోపలే ఉన్నంతసేపు అంతా బాగానే ఉన్నట్టుంటుంది, అదే ప్రమాదం. పాయింటర్‌ని దాచడానికి ఇంట్‌పీటీఆర్_టీ (పాయింటర్ పట్టేంత పూర్ణాంక రకం) వాడండి.

ఫైళ్లకూ ఇదే గండం. ఒక ఇంట్, ఒక లాంగ్ ఉన్న స్ట్రక్చర్ (కొన్ని వేరియబుల్స్‌ని కలిపిన కట్ట) లైనక్స్‌లో 16 బైట్లు: ఇంట్‌కి 4, అలైన్‌మెంట్ (లాంగ్ 8తో భాగించగల చిరునామాలో మొదలవడం) కోసం ఖాళీ 4, లాంగ్‌కి 8. విండోస్‌లో మొత్తం 8. లైనక్స్‌లో ఎఫ్‌రైట్ ఫంక్షన్‌తో రాసిన ఫైల్‌ని విండోస్‌లో చదివితే మొదటి రికార్డు నుంచే అంకెలు తారుమారు. ఫైల్‌లోకి, నెట్‌వర్క్‌లోకి వెళ్లే ప్రతిదానికీ ఎస్‌టీడీఇంట్ హెడర్‌లోని ఇంట్32_టీ, ఇంట్64_టీ వాడటం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి. సైజు పేరులోనే ఉంటుంది.

జావాలో ఈ బెడద లేదు: ఎక్కడైనా ఇంట్ 4, లాంగ్ 8, క్యార్ (ఒక అక్షరం) 2 బైట్లు. సీ షార్ప్‌లోనూ అంతే. అందుకే విండోస్ సి ఫంక్షన్‌ని సీ షార్ప్ నుంచి పిలిచేటప్పుడు అందులోని లాంగ్‌కి సీ షార్ప్‌లో లాంగ్ కాదు, ఇంట్ రాయాలి. పైథాన్ పూర్ణాంకానికి హద్దు లేదు. పైథాన్ లెక్కల లైబ్రరీ నంపై మాత్రం 2.0 వెర్షన్‌కి ముందు విండోస్‌లో మామూలుగా 32 బిట్లే తీసుకునేది.

అభ్యాసం: ఇంట్, లాంగ్, లాంగ్ లాంగ్, పాయింటర్‌ల సైజ్‌ఆఫ్ (ఎన్ని బైట్లో చెప్పే ఆపరేటర్) విలువలు ప్రింట్ చేయండి. ఫార్మాట్‌లో శాతం గుర్తు తర్వాత జెడ్, యు రాయాలి, డి కాదు. లైనక్స్‌లో ఒకసారి, విండోస్‌లో ఒకసారి నడిపి రెండు ఫలితాలూ పక్కపక్కన రాసుకోండి. 8వ పాఠంలో స్ట్రక్చర్‌లోని ఆ ఖాళీ 4 బైట్ల సంగతి చూద్దాం.