పెద్ద క్లబ్‌కు సరైన మేనేజర్‌ను ఎంచుకోవడం ఎలా?

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ ఓడిన మర్నాడు హన్మకొండ నయీంనగర్‌లో నలుగురు చాయ్ దగ్గర చేరితే ఐదుగురు కొత్త మేనేజర్ల (అంటే హెడ్ కోచ్‌ల) పేర్లు వినిపిస్తాయి. అసలు పేరు చివర్లో రావాలి. ముందు చేయాల్సిన పనులు వేరే ఉన్నాయి.

1. రోగం ఎక్కడుందో చూడండి

గోల్స్ రావడం లేదా? ఆటగాళ్లకు వయసు మీదపడిందా? లేక ఆటగాళ్లను కొనేవాళ్లకే దారీతెన్నూ లేదా? మూడోదైతే ఎవరిని తెచ్చినా అంతే సంగతులు. ఏళ్ల తరబడి మేనేజర్‌గా ఉన్న ఫెర్గూసన్ 2013లో రిటైరయ్యాక యునైటెడ్‌కు మోయెస్, వాన్ హాల్, మౌరిన్యో, సోల్‌షేర్, టెన్ హాగ్, అమోరిమ్ వరసగా వచ్చారు. ఒక్కొక్కరిది ఒక్కో తరహా ఆట. అందుకే ఆటగాళ్లను ఎవరు కొంటారో, ఎలాంటి ఆట కోసం కొంటారో ఇంటర్వ్యూలకు ముందే తేల్చుకోవాలి.

2. ఉన్న టీమ్‌కు సరిపోతాడా?

ఎక్కువ టైమ్ దీనికే పెట్టండి. అమోరిమ్ పోర్చుగల్ క్లబ్ స్పోర్టింగ్‌లో ముగ్గురు డిఫెండర్ల పద్ధతితో లీగ్ గెలిచాడు. 2024 నవంబర్‌లో, సీజన్ మధ్యలో వచ్చి యునైటెడ్‌లోనూ అదే పెట్టాడు. దానికి తగ్గ ఆటగాళ్లు లేరు, టీమ్ ఇంగ్లండ్ లీగ్‌లో 15వ స్థానంలో ఆగింది. నేనైతే ఆయన్ను పెద్దగా తప్పుపట్టను. ఆయన ఆట ఏమిటో పిలిచినవాళ్లకు తెలియదా?

ఇండియా ఫుట్‌బాల్ టీమ్ కోచ్, మన హైదరాబాద్ రహీం సాబ్ సంగతి చూడండి. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ ఆయన్ను పక్కన కూర్చోబెట్టకుండా సెంటర్ ఫార్వర్డ్‌గా, అంటే ముందుండి గోల్స్ కొట్టే స్థానంలో దింపారు. ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో గెలిచాం, అందులో ఒక గోల్ జర్నైల్‌దే. ఇంటర్వ్యూకు వచ్చిన ప్రతి ఒక్కరినీ ఇలాంటిదే అడగండి: చేతిలో ఉన్నవాళ్లతో ఇరుకున పడ్డప్పుడు ఏం చేశావు?

3. కప్పులు లెక్కపెట్టకండి

టీమ్‌ను ఏ స్థానంలో అందుకుని ఎక్కడికి తెచ్చాడో చూడండి. షాబీ అలోన్సో 2022 అక్టోబర్‌లో జర్మనీ క్లబ్ లెవర్కూసెన్‌ను కింది నుంచి రెండో స్థానంలో అందుకున్నాడు. 2023-24లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా జర్మనీ లీగ్ బుండెస్‌లిగా గెలిపించాడు.

4. పాత హీరో అని మురిసిపోవద్దు

ఒకప్పుడు యునైటెడ్‌కే ఆడిన సోల్‌షేర్ తాత్కాలిక మేనేజర్‌గా వచ్చి వరసగా గెలిపించగానే 2019 మార్చిలో పర్మనెంట్ చేశారు. 2021 నవంబర్‌లో ఇంటికి పంపారు.

5. ఎన్నాళ్లు ఆగగలరో ముందే రాసుకోండి

మేనేజర్‌గా ఆర్టెటా మొదటి రెండు సీజన్లలోనూ మరో ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్‌ది ఎనిమిదో స్థానమే. యాజమాన్యం కదల్లేదు, 2022-23కి టీమ్ రెండో స్థానానికి చేరింది. అంత టెన్షన్ తట్టుకోలేమనుకుంటే నిర్ణయం వేసవిలోనే తీసుకోండి. యునైటెడ్ 2024 వేసవిలో టెన్ హాగ్ కాంట్రాక్టు పొడిగించి అక్టోబర్‌లో తీసేసింది. అదే జూన్‌లో తీసేసి ఉంటే కొత్తవాడికి కనీసం ప్రీ-సీజన్ (సీజన్‌కు ముందు టీమ్‌ను సిద్ధం చేసుకునే టైమ్) దొరికేది.